ఇస్త్రీ చేసిన టీకా కార్డులు

మా అక్క నిలబడితే ఎడమ నడుము కుడి నడుము కన్నా రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ బల్ల ముందు నిలబడీ నిలబడీ అలా అయిందని మా వీధిలో అందరూ అనుకుంటారు. కాదు. దానికి కారణం నేను. అదెలాగో చెప్తాను గానీ, ఇప్పుడే చెప్తే మీకు నా మీద ఉన్న గౌరవం పోతుంది. ముందు కాస్త గౌరవం పెరగనివ్వండి.

నేను ఫ్రిజ్ మెకానిక్కుని. అల్లాటప్పా మెకానిక్కుని కాదు. తలుపుకి చెవి ఆనించి వింటే చాలు, కంప్రెసరు ఎన్నాళ్ళు బతుకుతుందో తేదీతో సహా చెప్పేస్తాను. ఒకసారి ఓ చేపల గోదాములో ఫ్రీజరు బాగుచేశాను. అదెంత చల్లబడిందంటే లోపలున్న చేపలు తుమ్మాయి. ఇంత విద్యా బడిలో నేర్చుకున్నది కాదు. ఏడో తరగతి మధ్యలోనే బడి మానేశాను. నేను మానేసిన రోజు హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషంతో అని గిట్టనివాళ్ళు చెప్తారు. వీధిలో నన్ను 'గ్యాసు బాబాయి' అంటారు. ఫ్రిజ్‌లలో గ్యాసు నింపుతాను కాబట్టి అలా అంటారని నా నమ్మకం.

నా కుడికాలు సన్నగా ఉంటుంది, కర్ర సాయం లేకుండా నడవలేను. ఆ కాలుకి ఏమైందని పిల్లలు అడిగితే మొసలి పట్టుకుందని చెప్తాను. మొసలి పళ్ళు నా ఎముకకి తగిలి విరిగిపోయాయనీ, అది ఏడుస్తూ వెళ్ళిపోయిందనీ చెప్తాను. పెద్దవాళ్ళు అడిగితే విమానం లోంచి దూకానని చెప్తాను.

అయినా ఇది నా కథ కాదు, మా అక్క కథ. ఇందులో అబద్ధాలు చాలా తక్కువ.

నాలుగంతస్తుల మేడ మెట్ల పక్కన రేకుల కొట్టు మా అక్కది. ఓ పొడుగాటి బల్ల, దాని మీద నాలుగు మడతలు వేసిన కంబళి, కంబళి నిండా కాలిన మచ్చలు. ఐదు కిలోల బొగ్గుల ఇస్త్రీ పెట్టె. నీళ్ళు చిలకరించడానికి మూతకి చిల్లులు పొడిచిన సీసా. ముప్పై ఇళ్ళ బట్టలు దుప్పట్లలో మూటలు కట్టి గోడ వారగా ఉంటాయి. అక్కకి చదవడం రాదు, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. కానీ ఒక్కో ఇంటికీ ఒక్కో రంగు దారం. కాలరు లోపలో నడుంపట్టీ లోపలో రెండు కుట్లు. డ్రైవరు గారింటిది ఎరుపు, టైలరమ్మ ఇంటిది ఆకుపచ్చ, పంతులమ్మ గారిది నలుపూ తెలుపూ కలిపి. ముప్పై ఏళ్ళలో ఒక్క మేజోడు కూడా దారి తప్పి వేరే ఇంటికి వెళ్ళలేదు.

కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఆరోగ్య కేంద్రం. రెండే గదులు. ముందు గదిలో ఓ బెంచీ, బరువు తూచే ఉయ్యాల. వెనక గదిలో టీకాల ఫ్రిజ్జూ, ఐసు ప్యాకులు గడ్డకట్టించే ఫ్రీజరూ. ఆ రెండింటికీ వైద్యం నాది. బుధవారం బుధవారం పిల్లలకి టీకాలు.

టీకా కార్డులు మా అక్క దగ్గరికి ఎలా చేరాయో చెప్పాలి. మా వీధిలో ఇళ్ళన్నీ అగ్గిపెట్టెలు. ఓ తల్లి కార్డుని వేడి గిన్నె కింద పెట్టింది. ఇంకో తల్లి విసనకర్ర చేసుకుంది. పాలు పోసే ఆవిడ కార్డుని ఎలుక కొరికేసింది. సరిగ్గా మూడో టీకా గడి దాకా తినేసింది. "పోనీలే, మా ఇంటి ఎలుకకి ఇంక ఏ జబ్బూ రాదు" అని ఆవిడ నవ్వేసింది. నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పుడు మా అక్క బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తీసి, "ఇటివ్వండి, మీ బట్టలు కాపాడినదాన్ని మీ కార్డులు కాపాడలేనా" అంది.

అంతే. నలభై ఒక్క కార్డులు ఆ డబ్బాలోకి చేరాయి. ప్రతి కార్డుకీ చిల్లు పొడిచి ఆ ఇంటి రంగు దారం కట్టింది. బిడ్డకి ఒకసారి టీకాలు వేయిస్తే ఒక ముడి. మంగళవారం సాయంత్రం నర్సమ్మ ఎవరెవరి వంతో చెప్పి వెళ్తుంది. ఆ ఇంటి ఇస్త్రీ మూట మీద కార్డు పెట్టి పంపుతుంది అక్క. మూట మీద కార్డు వచ్చిందంటే మర్నాడు బిడ్డని ఎత్తుకుని వెళ్ళాల్సిందే. వెళ్ళొచ్చి కార్డు తిరిగి ఇచ్చి "అయిందక్కా" అంటే ముడి వేస్తుంది. వెళ్ళకపోతే ఆ ఇంటి బట్టలు వారం దాకా ముట్టదు.

బ్యాంకులో పనిచేసే ఒకాయన వారమంతా నలిగిన చొక్కాతో ఆఫీసుకి వెళ్ళాడు. ఎనిమిదో రోజున ఆయనే బిడ్డని భుజాన వేసుకుని లైన్లో మొదట నిలబడ్డాడు.

తల్లులతో మా అక్క మాట్లాడుతుంటే వినాలి.

"అక్కా, మావాడు సూది వేస్తే ఏడవలేదు. ఉత్త నీళ్ళు వేశారేమో?"

"నువ్వు పుట్టినప్పుడూ ఏడవలేదట, మీ అమ్మ చెప్పింది. నువ్వూ ఉత్తుత్తి మనిషివేనా?"

"పిన్నీ, చుక్కలు వేయించాను కదా, ఇంక సూదులెందుకు?"

"గొడుగు కొన్నావు కదా, చెప్పులెందుకు?"

"మా దానికి జ్వరం రాలేదక్కా, పట్టలేదేమో!"

ఇక్కడ మాత్రం మా అక్కకే సరిగ్గా తెలీదు. జ్వరం వస్తేనే టీకా గట్టిగా పట్టినట్టని ఆవిడ నమ్మకం. రాకపోయినా పనిచేస్తుందని నర్సమ్మ వందసార్లు చెప్పింది. అక్క తలూపేది. నర్సమ్మ అటు తిరగ్గానే, "మా మనవరాలికి రెండు రోజులు కాలిపోయింది తెలుసా, అదీ సూదంటే!" అని గొప్పలు పోయేది. గొప్పలు చెప్పుకోవడం మా వంశంలోనే ఉంది, నేను కాస్త పద్ధతిగా చెప్తాను, అంతే తేడా.

మనవరాలంటే మా అక్క కొడుకు కూతురు. పది నెలల పిల్ల. దాన్ని మేమంతా బుడంకాయ అంటాం. దాని తల్లి, అంటే అక్క కోడలు, ఇంట్లో ఉందో లేదో తెలియనంత నెమ్మది. అత్తా కోడళ్ళిద్దరూ పోట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. పోట్లాటకి రెండు గొంతులు కావాలి కదా.

ఇక అసలు సంగతి.

ఆ సోమవారం రోజంతా వాన. కొట్టు రేకుల్లోంచి నీళ్ళు కారి సరిగ్గా బిస్కెట్ల డబ్బా మీద పడ్డాయి. డబ్బా మూత వదులు. మంగళవారం పొద్దున్న తెరిచి చూస్తే కార్డులన్నీ తడిసి ముద్దయ్యాయి. మేం వాటిని విడదీస్తుండగానే ఎదురుగా నర్సమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో తువ్వాలు చుట్టిన రిజిస్టరు.

"అక్కా, మా గది కప్పు కూడా కారింది. దీన్ని ఎలాగైనా ఆరబెట్టు. తడి రిజిస్టరు చూస్తే పైవాళ్ళు నన్ను పీకి పాకాన పెడతారు."

"ఎండ లేకపోతే ఏం, పెట్టె ఉందిగా" అంది అక్క.

బొగ్గులు రాజేసింది. కంబళి మీద కార్డు పరిచి, పైన పల్చటి గుడ్డ వేసి, ఒక్క రుద్దు. తిరగేసి ఇంకో రుద్దు. పక్కన పేర్చడం. పట్టుబట్టలు రుద్దినంత జాగ్రత్తగా రుద్దింది. నేను స్టూలు మీద కూచుని మొసలి కథ కొత్తరకంగా చెప్తున్నాను. ఈసారి మొసలి నా కాలు పట్టుకున్నాక నా మొహం చూసి క్షమాపణ అడిగింది. అక్క నవ్వుతూ నా వైపు చూస్తూ రుద్దుతోంది, చేతికి అలవాటైన పని కదా, చూపు అక్కర్లేదు. కార్డులయ్యాయి. రిజిస్టరు అయింది. అన్నీ అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి.

నర్సమ్మని పిలిచి అక్క గర్వంగా రిజిస్టరు తెరిచింది.

గీతలున్నాయి. అచ్చువేసిన గడులున్నాయి. గడుల్లో ఏమీ లేదు.

"రాత ఏదక్కా?" అంది నర్సమ్మ.

"నన్నడుగుతావేం? నేనేమన్నా తిన్నానా?"

కార్డులు తిరగేశాం. పాత నర్సమ్మ రాసినవి ఉన్నాయి. ఈ నర్సమ్మ వచ్చిన ఎనిమిది నెలల్లో రాసినవి ఒక్కటీ లేవు. ఇరవై ఆరుగురు పిల్లల టీకాలు మాయం.

నేను నర్సమ్మ జేబులోంచి పెన్ను లాగి చూశాను. వెనక చిన్న రబ్బరు ముక్క ఉన్న పెన్ను. రాసింది తప్పయితే ఆ రబ్బరుతో రుద్దితే పోతుంది. కొట్టివేతలుంటే పైవాళ్ళు రిజిస్టరు తిప్పి పంపుతారని నర్సమ్మ ముచ్చటపడి వాడుతోంది. కాగితం మీద గీత గీసి, ఇస్త్రీ పెట్టె దగ్గర పెట్టాను. గీత మాయమైంది.

"ఇది వేడికి పోయే సిరా" అన్నాను. "రబ్బరుతో రుద్దితే పుట్టే వేడే దీనికి చాలు. మా అక్క ఐదు కిలోల రబ్బరుతో రుద్దింది."

నర్సమ్మ బల్ల అంచు మీద కూలబడింది. "రాసి లేకపోతే వేసినట్టు కాదక్కా. ఇరవై ఆరుగురికీ మళ్ళీ వెయ్యమంటారు. మళ్ళీ వేస్తే పిల్లలకేం కాదు గానీ, ఈ తల్లులు ఒప్పుకుంటారా?"

"నా ముళ్ళున్నాయిగా! లెక్కపెట్టుకో."

"నీ ముళ్ళని నేను నమ్ముతానక్కా. పైవాళ్ళకి ముళ్ళు చదవడం రాదు."

రిజిస్టరు వైపు చూడటానికి కూడా ఇష్టంలేక దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికల్లా వీధంతా తెలిసిపోయింది. మా వీధిలో వార్త వానకన్నా వేగంగా కారుతుంది. అందరికన్నా ముందు టైలరమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు, నోట్లో గుండుసూది. గుండుసూది తీసి మరీ మాట్లాడింది.

"రాతే నిలవలేదంటే మందు మాత్రం నిలుస్తుందా అక్కా? ఏదో కనికట్టు జరుగుతోంది. రేపు మా కార్డులు మాకిచ్చెయ్. మా పిల్లల్ని ఇంక పంపం. నువ్వు బట్టలు ముట్టకపోతే నలిగినవే వేసుకుంటాం."

ఆ చివరి మాట అక్కకి తగిలింది. టైలరమ్మ వెళ్ళిపోయాక చాలాసేపు చల్లారిన పెట్టెనే బల్ల మీద అటూ ఇటూ తోసింది. ఇన్నేళ్ళుగా ఆవిడ మాట మీద బిడ్డల్ని ఎత్తుకుని గుమ్మం దాటిన తల్లులు వాళ్ళంతా. డాక్టరు మాటకి కాదు, గోడ మీద బొమ్మలకి కాదు.

"రేపు అందర్నీ రమ్మంటాను" అంది చివరికి. "కార్డులు చూపించి, నేనే కాల్చానని చెప్తాను."

"నీకేమన్నా మతిపోయిందా? ఖాళీ కార్డులు చూస్తే నిన్ను బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తారు."

"చెయ్యనీరా. దాచిపెట్టి తెచ్చుకున్నది చాలు ఈ జన్మకి."

ఆ మాట ఆవిడెందుకందో నాకు తెలుసు. అక్క నీళ్ళకి వెళ్ళగానే కార్డుల కట్టా, రిజిస్టరూ ఓ ప్లాస్టిక్ సంచీలో వేసుకుని ఎదురుగా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. ఫ్రీజరు తలుపు రబ్బరు మార్చే పని ఎలాగూ ఉంది. రబ్బరు మార్చి, సంచీని ఐసు ప్యాకుల అడుగున తోసి, తలుపు వేసేశాను. ఇంత మంది తల్లులు ఎంత వెదికినా సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఎవరూ వెదకరు.

"డబ్బా ఖాళీగా ఉందేంట్రా?" అని అక్క అడిగితే, "నాకేం తెలుసు" అన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిట్లోనూ గొంతు వణికింది ఆ ఒక్కదానికే.

బుధవారం పొద్దున్న కొట్టు ముందు తల్లులంతా గుమిగూడారు. చంకల్లో బిడ్డలున్నారు గానీ, ఎవరి కాళ్ళూ ఆరోగ్య కేంద్రం వైపు లేవు. నర్సమ్మ అటువైపు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

అక్క బల్ల పక్కకి వచ్చి నిలబడింది. "నర్సమ్మ తప్పేం లేదు. మందులో లోపమేం లేదు. కార్డులు తడిస్తే నేను ఇస్త్రీ చేశాను. వేడికి సిరా పోయింది. తప్పు నాది."

"అయితే చూపించు" అంది టైలరమ్మ. "కార్డులేవి?"

అక్క ఖాళీ డబ్బా మూత తీసి చూపించింది.

"చూశారా! కార్డులు కూడా లేవు!"

"అక్కా, మా బిడ్డ కార్డు ఏం చేశావు?" అని పాలు పోసే ఆవిడ గొంతు. దాని వెనక ఇంకో నాలుగు గొంతులు. కాపాడతానని తీసుకున్నదే మాయం చేసిందని ఇప్పుడు అందరి కళ్ళలోనూ ఉంది. అక్క వాళ్ళ వైపు చూడలేదు. మెల్లిగా తల తిప్పి నా వైపు చూసింది. నన్ను ఆవిడ నడక రాని వయసు నుంచి చూస్తోంది. నా మొహంలో అబద్ధం ఎక్కడ కూచుంటుందో ఆవిడకి తెలుసు.

"పోయి పట్రా" అంది.

వెళ్ళాను. కర్ర టకటకలాడుతుంటే అంతా నా వెనకే వచ్చారు. ఫ్రీజరు తలుపు తీస్తుంటే నర్సమ్మ కేకలు. "అందులో ఐసు ప్యాకులు తప్ప ఇంకేం పెట్టకూడదని నీకెన్నిసార్లు చెప్పాను బాబాయ్! అదేమన్నా నీ బీరువానా?"

సంచీ లాగి బెంచీ మీద వేశాను. కార్డుల మీద తెల్లటి మంచు పొర. టైలరమ్మ తన ఆకుపచ్చ దారం కార్డు లాక్కుని, అరచేత్తో మంచు తుడిచింది. తుడిచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నర్సమ్మా, ఇది నీ రాత కదూ?"

నీలం అక్షరాలు. కాస్త వెలిసినట్టున్నాయి గానీ, ఉన్నాయి. పక్కవాళ్ళు తమ కార్డులు తీశారు. అన్నిట్లోనూ ఉన్నాయి. రిజిస్టరు తెరిస్తే గడుల నిండా చీమల బారుల్లా రాత. వేడికి దాక్కున్న సిరా చలికి బయటికొచ్చింది. నర్సమ్మ నన్ను చూసింది. తల్లులంతా నన్ను చూశారు.

ఇలాంటి ఘడియ మనిషి జీవితంలో ఒక్కసారే వస్తుంది. నేను గంభీరంగా గోడ గడియారం చూసి, "పదహారు గంటలు పట్టింది. నేననుకున్నదాని కన్నా అరగంట ఆలస్యం" అన్నాను.

"నోర్ముయ్యరా" అంది అక్క. కానీ మొహం వెలిగిపోతోంది.

అక్షరాలు మళ్ళీ పారిపోకముందే మామూలు బాల్ పెన్నుతో దిద్దాలని నర్సమ్మ కూచుంది. ఒక్కో కార్డూ చదువుతుంటే అక్క దారం వేళ్ళ మధ్య జారుస్తూ ముళ్ళు లెక్కపెట్టింది.

"డ్రైవరు గారి చిన్నవాడు, నాలుగు."

"నాలుగు!"

"టైలరమ్మ కూతురు, ఐదు."

"ఐదు!" ఈసారి టైలరమ్మ కూడా అక్కతో కలిసి అరిచింది.

పదో కార్డుకల్లా తల్లులంతా వంత పాడటం మొదలెట్టారు. రాతా, ముడీ ఎక్కడా తేడా లేదు. ఇరవై అయిదు కార్డులకి ఇరవై అయిదూ సరిపోయాయి. అక్క ఎంత నిటారుగా నిలబడిందంటే ఆ రెండు వేళ్ళ వంకర కూడా కనిపించలేదు.

చివరిది పసుపు దారం. మా ఇంటిది.

"బుడంకాయ, నాలుగు."

"ఐదు!" అంది అక్క.

వంత ఆగిపోయింది.

"నాలుగేనక్కా. తొమ్మిది నెలలప్పుడు వెయ్యాల్సిన తట్టు టీకా గడి ఖాళీగా ఉంది."

"సరిగ్గా చూడు. ఐదో ముడి నా చేత్తో నేను వేశాను."

"ఇంకా చలి పట్టలేదేమో, ఇంకో గంట పెడదామా?" అన్నాను నేను, అక్క మొహం చూడలేక.

"అక్కర్లేదు బాబాయి గారూ" అని గుమ్మం దగ్గర్నుంచి సన్నటి గొంతు. అక్క కోడలు. చంకలో బుడంకాయ. "రాస్తే కదా రావడానికి. ఆ రోజు నేను వేయించలేదు."

ఐసు ప్యాకులు ఎందుకు పెట్టుకున్నారో తెలీదు గానీ, ఆ గది అప్పటికే గడ్డకట్టింది. దాన్ని పగలగొట్టింది టైలరమ్మే. "అక్కా, మరి మీ ఇంటి బట్టలు ఎన్నాళ్ళు ముట్టవు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాలని అందరికీ ఉంది.

అక్క కాలరు కుట్టే సూది తీసింది. ఐదో ముడి విప్పడం మొదలెట్టింది. ఇస్త్రీ పడిన ముడి, రాయిలా బిగుసుకుపోయింది. సూది మొన దూర్చి, పంటితో లాగి, మళ్ళీ సూది దూర్చి. అందరూ చూస్తుండగానే విప్పింది. దారం మీద వంకర మాత్రం మిగిలింది. అప్పుడడిగింది.

"ఎందుకే అలా చేశావు?"

కోడలు బిడ్డని ఇంకో చంకకి మార్చుకుంది. "లైన్లో నిలబడ్డానత్తయ్యా. అంతకుముందు సూదికి రెండు రోజులు జ్వరం కాసింది కదా. మీరు కొట్టు దగ్గర అందరికీ గొప్పగా చెప్తున్నారు. నేను లోపల తడిగుడ్డ మారుస్తూ కూచున్నాను. ఆ రెండు రోజులూ గుర్తొచ్చి వెనక్కి తిరిగేశాను. నా వంతు వచ్చేసరికి నేను లేను."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"మీతోనా? ఇస్త్రీ పెట్టెతో చెప్పినట్టే. ఆవిరొస్తుంది గానీ జవాబు రాదు."

నాలుగేళ్ళలో ఆ పిల్ల అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. ముందు పాలు పోసే ఆవిడ నవ్వింది. తర్వాత నర్సమ్మ. ఆఖరికి, ఆవిరి పోయినట్టు, మా అక్క కూడా నవ్వింది.

"నిజం చెప్పాలంటే నాకూ భయమేనక్కా" అంది టైలరమ్మ, టేపు వేలికి చుట్టుకుంటూ. "నిన్న నేనంత అరిచింది అందుకే. నా బట్టలు నేనే కుట్టుకుంటాను, నలిగితే నలుగుతాయి. నీ నోటికి జడిసి వెళ్తాను గానీ, సూది పడేటప్పుడు కళ్ళు మూసుకుంటాను."

"భయమైతే భయమని నాకు చెప్పండి, జ్వరమొస్తే ఏం చెయ్యాలో నేను చెప్తాను" అంది నర్సమ్మ. "ఈ తట్టు టీకాకి జ్వరం రావొచ్చు, రాకపోవచ్చు. వస్తే వారం పది రోజులకి రావొచ్చు. అప్పుడు ఒంటరిగా కూచోకండి, తీసుకురండి."

లైను కట్టారు. కోడలు బెంచీ చివర కూచుంది. కాళ్ళాడిస్తోంది. నేను పక్కన కూచున్నాను.

"నా కాలు సంగతి చెప్పనా అమ్మాయ్?"

"మొసలి కథేగా బాబాయి గారూ. బుడంకాయక్కూడా వచ్చేసింది."

"కాదు. నాకు రెండేళ్ళప్పుడు పోలియో చుక్కలవాళ్ళు ఇంటికొచ్చారు. చుక్కలు వేస్తే జ్వరమొస్తుందని పక్కింటావిడ మా అమ్మకి చెప్పింది. అమ్మ నన్ను ఉతికే బట్టల బుట్టలో కూచోబెట్టి మూత వేసింది. మా అక్కకి ఆరేళ్ళు. దాన్ని ఆ మూత మీద కూచోబెట్టింది. 'మీ తమ్ముడేడీ?' అని వాళ్ళడిగితే, 'మాకు తమ్ముడు లేడు' అంది అక్క. ఏడాది తిరక్కుండా ఈ కాలు పడిపోయింది. తర్వాత పదేళ్ళు నన్ను ఎడమ చంకన మోసింది. బడికి కూడా. దానికి పెళ్ళయి వెళ్ళిపోయాక మోసేవాళ్ళు లేక నేను బడి మానేశాను."

ఆ పిల్ల నన్ను కాసేపు పరీక్షగా చూసింది. "ఏమో బాబాయి గారూ, ఇదేం నమ్మేలా లేదు. మొసలిదే బాగుంది."

చూశారా? ముప్పై ఏళ్ళకోసారి నిజం చెప్తే నాకు దక్కిన మర్యాద.

అంతలో అక్క వచ్చి బుడంకాయని ఎత్తుకుంది. ఎడమ చంకలో. పిల్ల అక్కడ ఎంత సులువుగా కూచుందంటే, ఆ ఒంపు దాని కోసమే తొలిచినట్టుంది. కోడలు ఆ నడుము వైపు చూసింది. తర్వాత నా కాలు వైపు చూసింది. మళ్ళీ నడుము వైపు చూసింది. వంతు రాగానే లేచి, "ఇటివ్వండత్తయ్యా, నేను పట్టుకుంటాను" అంది.

బుడంకాయ ఏడ్చిన ఏడుపుకి ఫ్రిజ్‌లో సీసాలు గలగలలాడాయి. ఇది గొప్పకి చెప్పడం లేదు, నేను చెవి ఆనించి విన్నాను.

నర్సమ్మ బాల్ పెన్నుతో రాసింది. అక్క పసుపు దారం కోడలి చేతికిచ్చి, "నువ్వే వెయ్యి" అంది. ఐదో ముడి ఇంతకుముందు ముడి ఉన్న వంకర దగ్గరే పడింది.

జ్వరం తొమ్మిదో రోజున వచ్చింది. మరీ ఎక్కువేం కాదు, ఒకటిన్నర రోజు. నర్సమ్మ వచ్చి చూసి, కంగారు లేదంది. ముప్పై ఏళ్ళలో మొట్టమొదటిసారి మా అక్క కొట్టు మూసేసి, ఇంట్లో మనవరాలి పక్కన కూచుంది. తడిగుడ్డ ఒకసారి అత్త మారిస్తే ఒకసారి కోడలు మార్చింది. మధ్యమధ్య ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. రెండు గొంతులూ వినిపించాయి. గుడ్డ ఎంత పిండాలన్న దాని మీద.

ఆ రెండు రోజులూ వీధిలో ఎవరికీ ఇస్త్రీ బట్టలు లేవు. డ్రైవరు గారు, పంతులమ్మ గారు, బ్యాంకాయన, అంతా ముడతలతోనే పనులకి వెళ్ళారు. టైలరమ్మ మా గుమ్మంలోకి తొంగిచూసి, "అక్కా, మేమంతా టీకాలు వేయించాం కదా, మాకెందుకీ శిక్ష?" అంది.

"జ్వరం తగ్గిందా అని అడగవేం?" అంది అక్క.

"అడుగుదామనే వచ్చాను. తగ్గిందా?"

"తగ్గింది. కోడలు పడుకుంది. మెల్లిగా మాట్లాడు."

ఫ్రీజరు సంగతి నేను ఎక్కడ చెప్పినా ఎవరూ నమ్మడం లేదు. కావాలంటే ఓ కార్డు మళ్ళీ ఇస్త్రీ చేసి చూపిద్దామక్కా అంటే, ఆవిడ పెట్టె ఎత్తుకుని నా వెంట పడింది. నేను పరుగెత్తాను. ఇదొక్కటీ మాత్రం మీరు నమ్మక్కర్లేదు.